కుక్కలపాలైన చమరిపాలు

చమరీమృగమును తెలుగువారు చూచినది తక్కువ, విన్నది ఎక్కువ. దేవాలయములలో ఉత్సవమూర్తికి ఇరుప్రక్కల నిలిచి వీచెడు వింజామర ఆ మృగము తోక వెండ్రుకలతో కట్టినది. కుమారసంభవము ప్రథమసర్గమున కాళిదాసు హిమవంతుని వర్ణించుచు, చమరీమృగములు తమ వాలములు విసరి ఆ పర్వతమునకు గల రాజశబ్దమును సార్థకము చేయుచున్నవని చమత్కరించినాడు. తరువాతి కవులును ఆ తోకను వదలలేదు. నాయిక కురులను చూచి సిగ్గుపడి చమరి అడవి పట్టినదని వ్రాసినవారెందరో! ఇన్ని శతాబ్దములుగా తోకను గూర్చి ఇంత చెప్పిన సాహిత్యము ఆ మృగము పాలను గూర్చి చెప్పినది మాత్రము స్వల్పము. నేడు ఆ పాలు విరిగి, ఎండి, రాయివలె బిగిసి, సముద్రములు దాటి అమెరికాకు పోవుచున్నవి. అచ్చట వానిని నమలునది మనుష్యులు కారు, కుక్కలు. హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరములలో పెంపుడు జంతువుల సామగ్రి అమ్మెడి దుకాణములలోను ఆ ముక్కలు కనిపించుచున్నవి. ఇంటిలోని కుర్చీకాళ్లను, చెప్పులను, తలుపు అంచులను కొరికి పిప్పి చేయు పెద్ద కుక్కలకు అది ప్రకృతి ఇచ్చిన మందని అమ్మువారు చెప్పుదురు.

ఆ వస్తువు పేరు ఛుర్పి. నేపాలు తూర్పు కొండలలోను, డార్జిలింగు, సిక్కిము, భూటాను ప్రాంతములలోను తరతరములుగా చేయుచున్న పాలపదార్థమిది. దీనిని తెలుగున జున్ను అన్న చాలునని కొందరందురు. చాలదు. మన జున్ను ఈనిన ఆవుదో గేదెదో ముర్రుపాలను కాచి చేయునది. మెత్తనిది, తీయనిది, ఆ పూటకాపూట తినవలసినది. ఛుర్పి ఇందుకు సర్వవిధముల విరుద్ధము. వెన్న తీయగా మిగిలినదానిని విరిచి, ఆ విరుగుడును పిండి, అదిమి, ఎండబెట్టి చేసినది; తీపి లేదు, మెత్తదనము లేదు, ఏండ్ల తరబడి నిలువయుండును. విరుగుడు అన్న మాటయే దీనికి కొంత దగ్గర. ఐనను అరువు తెచ్చుకొన్న వస్తువునకు అరువు తెచ్చుకొన్న పేరే మేలు. కాఫీని మనవారు ఏమని అనువదించిరి గనుక!

యాకు అన్న మాట కూడ కొంత సవరణ కోరుచున్నది. టిబెట్టు భాషలో అది పోతుకు మాత్రమే పేరు. ఆడుదానికి వేరొక పేరు కలదు, షెర్పాలు దానిని నాక్ అందురు. కావున యాకుపాలు అనుట దున్నపోతు పాలు అనుట వంటిదే. పైగా నేపాలు కొండలలో పాలకై విశేషముగ పెంచునది శుద్ధమైన చమరిని గాక, చమరికిని కొండ ఆవులకును సంకరముగా పుట్టిన చౌరీని. చౌరీ అన్న పేరు చమరీ శబ్దమునకు తద్భవమే. ఈ సంకరజాతిలోని పోతులు గొడ్డువి, బరువులు మోయుటకే పనికివచ్చును. ఆడువి మాత్రము శుద్ధజాతి కంటె ఎక్కువ పాలిచ్చును. వేసవిలో ఈ మందలు 4,000 మీటర్ల ఎత్తున గల పచ్చికబయళ్లకు ఎక్కిపోవును, చలికాలమున దిగువ అడవుల అంచులకు దిగివచ్చును. వాని వెంట కాపరులు కూడ ఎక్కుదురు, దిగుదురు. ఆ కాపరుల పాకను నేపాలీలు గోఠ్ అందురు. మన గోష్ఠమే అది. పండితుల గోష్ఠి కూడ ఆవులకొట్టము నుండి బయలుదేరినదేనని జ్ఞాపకముంచుకొన్నచో సభాధ్యక్షులకు కొంత వినయము అబ్బునేమో!

గోఠ్‌లో మొదటి గౌరవము వెన్నది. ఆవుపాలలో నూటికి 4 పాళ్ల వెన్న ఉండగా, చమరి పాలలో 6, 7 పాళ్లు ఉండును. ఎత్తయిన కొయ్యపాత్రలో చిలికి తీసిన ఆ వెన్న ఉప్పుతేనీటిలోనికి పోవును, బౌద్ధవిహారములలో దీపములకు పోవును, సంతకు పోవును. ఛుర్పి ఆ తరువాతిది. వెన్న తీయగా మిగిలిన మజ్జిగను కాచినచో అది విరిగి, పలుకులు ఒకవైపు, పచ్చని నీరు ఒకవైపు అగును. పలుకులను గుడ్డలో వడకట్టి, మూటకట్టి, బరువైన రాళ్ల క్రింద అదిమి ఉంచుదురు. నీరంతయు కారిపోయి గడ్డ గట్టిపడిన తరువాత దానిని పలకలుగా, పేళ్లుగా కోసి, దారమునకు గ్రుచ్చి పొయ్యి మీద దండెమునకు వ్రేలాడగట్టుదురు. తూర్పు హిమాలయములలో వాన మెండు. ఎండను నమ్ముకొన్న పని జరుగదు. పొయ్యిపొగయే వారాల తరబడి దానిని ఆరబెట్టును. పొగచూరి గోధుమవన్నె తిరిగిన ఆ దండలు డార్జిలింగు, కాలింపాంగు, గాంగ్‌టాకు బజారులలో నేటికిని వ్రేలాడుచుండును. ఆరబెట్టని మెత్తని ఛుర్పి వేరు. దానిని కూరలలో, పచ్చళ్లలో వేసికొందురు.

ఎండిన ఛుర్పిని కొరుకువాడు లేడు. చిన్న తునకను బుగ్గన పెట్టుకొని కాపరి ఎక్కుడుదారి పట్టును. మొదటి అరగంట అది రాయి. లాలాజలమునకు పైపొర నెమ్మదిగ మెత్తబడును, కొంత కొంత నమలుడు పడును, పొగవాసనతో కూడిన పాలరుచి ఊరును. గంటలు గడచిన తరువాత గాని అది పూర్తిగా కరగదు. తూకములో సగమునకు పైగా మాంసకృత్తులే గనుక ఆకలిని ఆపును, నోరు ఎండనీయదు. మనవైపు కూలివాడు బుగ్గన పొగాకు పెట్టుకొనుట వంటిదని పైకి తోచును గాని, ఇది ఒంటికి పట్టెడి తిండి.

1950ల తొలినాళ్లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో స్విట్జర్లాండు నిపుణులు లాంగ్‌టాంగు లోయకు వచ్చి చమరి పాలతో తమ దేశపు పద్ధతి చీజును చేయించిరి. అది విదేశీయులకు నచ్చినది, ఖాట్మండు హోటళ్లకెక్కినది. ఛుర్పి మాత్రము కొండవారి బుగ్గలోనే ఉండిపోయినది. దానిని బయటి ప్రపంచమునకు ఎక్కించినది నిపుణులు కారు. ఈ శతాబ్ది తొలి దశాబ్దమున, అమెరికా వాయవ్యకోణమున గల వాషింగ్టను రాష్ట్రమందు స్థిరపడిన కొందరు నేపాలీయులు తమ ఊరి ఛుర్పిని పెద్ద పేళ్లుగా కోయించి, కుక్కలు నమలుటకై అమ్మజూపిరి. ఆ దేశమున అప్పటికే నమలుడు వస్తువుల బజారు పెద్దది. అందులో తోలుముక్కలు, ఎముకలు, కొమ్ములు మెండు. మాంసపు కంపు లేనిది, చేతికి జిడ్డు అంటనిది, తివాచీకి మరక చేయనిది ఒకటి వచ్చుసరికి గృహిణులు సంతోషించిరి. కుక్కలు ముందే సంతోషించినవి.

తరువాతి కథ నేపాలుది. 1990లలో ఆ దేశపు పాడిరైతులు "పాలసెలవు" అన్న విచిత్రమైన మాటను ఎరుగుదురు. పాలు పొంగి వచ్చు ఋతువులో, కొను కేంద్రములు వారమున ఒకటి రెండు దినములు పాలు తీసికొనక త్రిప్పిపంపుటకు అది పేరు. ఆవు సెలవు పుచ్చుకొనదు గదా. ఆ దినపు పాలు ఏటిపాలో, దూడపాలో కావలసినదే. అట్టి దేశమున పాలను గట్టిపరచి నెలల తరబడి నిలువయుంచి విదేశమునకు అమ్మగల మార్గము దొరకుట చిన్న సంగతి కాదు. ఇలాం, పాంచ్‌థర్ వంటి తూర్పు జిల్లాలలో ఛుర్పి కర్మాగారములు వెలసినవి. ఒకప్పుడు తివాచీలకు, పశ్మీనా శాలువలకు పేరుపొందిన ఎగుమతి పట్టికలో నేడు కుక్కల ఛుర్పి కూడ చెప్పుకోదగిన స్థానమున నిలిచినది.

"కుక్కలపాలైనది" అని తెలుగున వ్యర్థమైనదానిని గూర్చి అందుము. ఇచ్చట ఆ మాట అక్షరాల నిజమైనది గాని, పాలు వ్యర్థము కాలేదు. మనుష్యుల తిండిని కుక్కలకు పెట్టుట పాపమని వాదించువారి మాటలో సగము నిజము లేకపోలేదు. ఎగుమతి గిరాకి పెరిగినకొలది, ఒకనాడు కొండవానికి చవుకగా దొరికిన ఛుర్పి వానికే ప్రియమగును. పాలు కర్మాగారమునకు పోవుచున్న యింట పిల్లల గిన్నెలో ఎంత మిగిలినదని అడుగుట న్యాయమే. కాని ఆ వాదించువారు పాలసెలవు నాడు పాలను పారబోసికొన్న రైతును అడిగి చూడవలెను. వాని లెక్కలో కొనువాడు కావలెను. తినునది రెండుకాళ్లదా నాలుగుకాళ్లదా అన్నది వానికి తరువాతి ప్రశ్న.

మరియొక సంగతి సంచులపై బొమ్మలు చూచి మురియువారు తెలిసికొనదగినది. అంత గిరాకిని తీర్చుటకు చమరి పాలు ఎక్కడివి? ఎత్తయిన కొండలలో మందలు తగ్గుచున్నవి. కాపరుల కుమారులు గల్ఫుకు, మలేషియాకు పోవుచున్నారు. కరీంనగరు, నిజామాబాదు పల్లెలకు చిరపరిచితమైన దారియే అది. కావున నేడు ఎగుమతి అగుచున్న ఛుర్పిలో ఆవుపాల భాగమే హెచ్చు, కొన్నిట గేదెపాలు కూడ కలియును. సంచిపై మంచుకొండ, దానిపై జూలుగల చమరి ఉండును. లోపల మధ్యకొండల జెర్సీ ఆవు ఉండును. కుక్కకు ఇందువలన నష్టమేమియు లేదు. నష్టము మాటకు మాత్రమే.

ఇక కుక్క సంగతి. అది ఎందుకు కొరుకును? పిల్లదశలో కారణము స్పష్టము. 28 పాలపండ్లు ఊడి, 42 శాశ్వతదంతములు వచ్చు కాలమున, అనగా నాలుగవ నెల మొదలు ఏడవ నెల వరకు, చిగుళ్ల దురద చేత అది దొరికినదెల్ల కొరుకును. పెద్దదైన తరువాత కొరుకుట దానికి పని. లాబ్రడార్, అల్సేషియన్, రాట్‌వైలర్, మాస్టిఫ్ వంటి జాతులను మనుష్యుడు వేటకో, మందకాపలాకో, ఇంటికాపలాకో పెంచి పెద్ద దవడలు తెప్పించినాడు. ఇప్పుడు వానిని మూడవ అంతస్తులో, రెండు గదుల యింట కట్టివేసి, ఉదయము సాయంత్రము పావుగంట వీధి త్రిప్పి తెచ్చుచున్నాడు. పనిలేని దవడ తన పనిని తానే వెదకికొనును. సోఫా చినిగినప్పుడు కుక్కను తిట్టుట సులభము. చెప్పు కొరికెడు కుక్కకు చెరకు తీపి తెలియదన్న అర్థము వచ్చు వేమన పద్యమును ఎరుగని తెలుగువారు లేరు. ఆ పద్యము అల్పబుద్ధిని గూర్చినది గనుక దాని నీతికి లోటు లేదు. కాని కుక్కకు మాత్రము అందులో కొంత అన్యాయము జరిగినది. కుక్క నాలుకకు తీపి తెలియును, తెలియనిది పిల్లికి. చెప్పును కొరుకుట తీపి తెలియక కాదు, అది తోలు గనుక. పశుచర్మము దాని పూర్వుల తిండి.

ఇంత బలమైన దవడ గల జంతువు పండ్లు కూడ వజ్రములని అనుకొనుట సహజము. అదియే పొరపాటు. మనుష్యుని దంతము పైని గాజువంటి పొర మందము కొన్నిచోట్ల రెండు మిల్లీమీటర్లు దాటును. కుక్కకు ఆ పొర మిల్లీమీటరునకు లోపే. దాని దవడ తిరుగలివలె ప్రక్కలకు తిరుగునది కాదు, కత్తెరవలె పైకి క్రిందికి ఆడునది. ఆ కత్తెర అలుగులు పైవరుసలో నాలుగవ చిన్నదవడపన్ను, క్రిందివరుసలో మొదటి పెద్దదవడపన్ను. మాంసమును, తోలును కోయుటకు ఏర్పడిన ఆ అలుగుల మధ్య రాయివంటి వస్తువును పెట్టి బలముకొలది అదిమినచో ఓడునది వస్తువు కాదు. పైపన్ను వెలుపలి ముఖము పెచ్చువలె లేచిపోవును. గట్టిగా నమలు కుక్కలలో పశువైద్యులు తరచుగ చూచు దెబ్బ ఇదియే. లోపలి మెత్తని జీవభాగము బయటపడినచో సూక్ష్మజీవులు ప్రవేశించి వేరువరకు దిగును; కొన్ని వారములకో నెలలకో కంటి క్రింద వాపు తేలును. ఇంటివారు కంటిజబ్బని మందు వేయుదురు. కుక్క నొప్పిని చెప్పదు, ఒకవైపు నమలుట మానివేయును, అంతే. అప్పుడు వేరుచికిత్సయో, పన్ను తీయుటయో తప్పదు. రెండింటికిని మత్తుమందు కావలెను.

"సహజము" అన్న మాట ఇచ్చట చాల మోసము చేయుచున్నది. జింకకొమ్ము సహజమే, గిట్ట సహజమే, ఎద్దు తొడయెముక సహజమే. పండ్లను విరుగగొట్టుటలో ఈ మూడును అగ్రగణ్యములు. అడవిలో తోడేళ్లు ఎముకలు నమలునుగదా యని అడుగుదురు. నమలును. వాని కపాలములను పరిశీలించిన శాస్త్రజ్ఞులకు విరిగిన పండ్లు అరుదుగా కనబడలేదు. అడవి తన పద్ధతి తనది. ఆ తోడేలు పదిహేనేండ్లు బ్రతుకవలెనని ఎవ్వరును కోరుకొనరు, కుక్కను పెంచువారు కోరుకొందురు. కొమ్ముల విషయమున మనదేశమున మరియొక చిక్కు కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దుప్పి, కణుజుల కొమ్ముల వ్యాపారము నేరము; అవి రాలిన కొమ్ములైనను అంతే.

వండిన ఎముక గతి ఇంకొకటి. పచ్చి ఎముక పగులును, వండిన ఎముక చీలును. చీలిన మొనలు గొంతును, ప్రేగులను గాయపరచును. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థకు 2010 నవంబరు మొదలు 2017 సెప్టెంబరు వరకు బజారులో అమ్మెడి ఎముక తినుబండారములను గూర్చి సుమారు 68 ఫిర్యాదులు చేరినవి. వానిలో 15 కుక్కలు మరణించినట్లు చెప్పబడినది. మన యిండ్లలో ఆదివారపు భోజనము తరువాత ప్రేమతో పెట్టు కోడియెముకలకు లెక్క వ్రాయువారు లేరు. పచ్చితోలు చుట్టలు చర్మకార పరిశ్రమలో మిగిలిన లోపొర. తడిసి ఉబ్బి కడుపులో అడ్డుపడగల స్వభావము కలవి. ఎద్దు జననాంగమును ఎండబెట్టి చేసిన కట్టెలు మెత్తన, పంటికి మంచివి; కాని 2013లో అమెరికా, కెనడా పరిశోధకులు అట్టివి 26 కట్టెలు పరీక్షింపగా, వానిలో ఏడింట ఈ.కోలి సూక్ష్మజీవులు బయటపడినవి. ఇట్టివానిని ముట్టినవారు చేతులు కడుగుకొనుట మేలు. కారట్టు, చిలగడదుంప ఎండుముక్కలు నిరపాయములే గాని, రాట్‌వైలర్ దవడకు అవి అటుకుల వంటివి.

ఈ వరుసలో ఛుర్పి ఎక్కడ నిలుచును? కొమ్ముకును తోలుకును నడుమ. అది లాలాజలమునకు మెత్తబడును, చీలికలై గ్రుచ్చుకొనదు, మ్రింగినను అరుగును. పాలలోని చక్కెర చాలవరకు విరిగిన నీటితోనే పోయినది గనుక, పాలు సరిపడని కుక్కలలో కూడ పెక్కింటికి ఇది సరిపడును. కాని ఎండిన ఛుర్పి నిజముగ రాయి. పశువైద్యులు చెప్పు పరీక్ష ఒకటి కలదు: గోటితో అదిమిన నొక్కు పడవలెను, పడనిది పంటికి పనికిరాదు. ఇంకొక పరీక్ష, దానితో మోకాలిచిప్పపై కొట్టుకొనుటకు మనుష్యుడు జంకినచో కుక్కకు ఈయరాదు. కొత్త ఛుర్పి పేడు ఈ రెండు పరీక్షలలోను తప్పును. కాపరి దానిని బుగ్గన నానబెట్టును. కుక్కకు ఆ ఓర్పు లేదు. నెమ్మదిగ నాకుచు, గీకుచు తినెడి కుక్కకు ఇది యోగ్యమైనది. దొరికినదానిని వెనుకపండ్ల నడుమ ఇరికించి ఫెళ్లున విరువజూచు కుక్కకు, అమ్మువారు ఏమి చెప్పినను, దీనిని అట్లే ఈయరాదు. గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానవేసి, పైపొర మెత్తబడిన తరువాత ఈయవచ్చును. అట్లు నానవేసినను పంటితో పగులగొట్టజూచు కుక్కకు బలమైన రబ్బరు బొమ్మలో అన్నము కూరి ఇచ్చుటయే క్షేమము. అది సహజము కాకపోవచ్చును, పండ్లు నిలుచును.

పేడు కుక్క నోటికంటె పెద్దదిగ ఉండవలెను. దినమునకు పావుగంట, ఇరువది నిమిషములు చాలును. ఆ సేపు ఒకరు ఎదుట ఉండవలెను. ఇది తిండి యన్న మాట మరువరాదు: 100 గ్రాముల పేడులో 300 కేలరీలకు పైగా ఉండును. 30 కిలోల కుక్కకు దినమెల్ల కావలసినది 1,300 మొదలు 1,500 కేలరీలు, అందులో చిరుతిండి పదవవంతు మించరాదని వైద్యులందురు. అనగా అట్టి పేడు కనీసము రెండుమూడు దినములు రావలెను. కోస్తా జిల్లాల ఉక్కలో, లాలాజలముతో తడిసిన ముక్కను అట్లే మూలపడవేసినచో బూజు పట్టును. తుడిచి, గాలికి ఆరబెట్టి, దాచవలెను.

చివరకు బొటనవ్రేలంత తునక మిగులును. పెద్ద కుక్కలకు ప్రమాదము అక్కడనే. అంతవరకు ఓపికతో గీకినది, చిన్నదగుటతోడనే గుటుక్కున మ్రింగబోవును, అది గొంతున అడ్డుపడును. ఆ తునకను లాగికొని, కొంత నీటిలో నానవేసి, మైక్రోవేవు పొయ్యిలో అరనిమిషమో, మరికొంచెమో ఉంచుదురు. లోపల మిగిలిన తేమ ఆవిరియై ఆ రాయి వడియము వలె ఉబ్బి గుల్లబారును. బాగుగ చల్లారనిచ్చి పెట్టవలెను, లోపలి వేడి పైకి తెలియదు. చల్లారిన తరువాత కుక్క దానిని కరకరలాడించి రెండు నిమిషములలో తినివేయును.